నెల మధ్యలో కనిపించే మరక

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. మాది నెల్లూరు. పెళ్లయ్యాక చెన్నై వేళచ్చేరిలో అత్తగారితో కలిసి ఉంటున్నాము, మూడేళ్ల బాబు ఉన్నాడు. గత మూడు నెలల్లో రెండుసార్లు నెలసరికి నెలసరికి మధ్య, మరో రెండుసార్లు మావారితో కలిసిన మర్నాడు, అక్కడ కొద్దిగా రక్తం కనిపించింది. నొప్పి లేదు. బట్టలు రాత్రిపూట ఉతికి బాత్‌రూములో తువ్వాలు కింద దాచి ఆరేస్తున్నాను, డెట్టాల్ నీళ్లతో కడుక్కుంటున్నాను. ఇది ముట్టు కిందికి వస్తుందేమోనని దీపం పెట్టేటప్పుడల్లా భయంగా ఉంటోంది. మావారిని దూరం పెడుతున్నాను, కారణం చెప్పలేదు. డాక్టరుకైనా ఎలా చెప్పను?

జవాబు: అమ్మా, ఇంత వివరంగా రాసిన మీరు కూడా ఆ అవయవం పేరు రాయలేక "అక్కడ" అన్నారు. అందులో మీ తప్పేమీ లేదు. కన్ను, ముక్కు, చెవి చూపించి పిల్లలకు పేర్లు నేర్పే మన ఇళ్లలో యోని అన్న మాటను ఆడపిల్లకు ఎవరూ మామూలుగా చెప్పరు. పేరు లేని చోట నొప్పి వచ్చినా, మరక కనిపించినా దాన్ని దాచుకోవడమే మర్యాద అనుకుంటూ పెరుగుతాము.

ముందుగా దీపం సంగతి. ముట్టు అంటే గర్భం నిలవని నెలలో గర్భాశయపు లోపలి పొర ఊడి రక్తంతో పాటు బయటకు రావడం. నెల మధ్యలో మీకు కనిపించింది అది కాకపోవచ్చు. 28 రోజులకొకసారి నెలసరి వచ్చేవారిలో సుమారు 14వ రోజున అండం విడుదలవుతుంది, ఆ సమయంలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ కాస్త తగ్గడం వల్ల కొందరికి ఒకటి రెండు రోజులు లేత గులాబీ రంగులోనో గోధుమ రంగులోనో చుక్కలు కనిపిస్తాయి. గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టిన తొలి మూడు నెలల్లోనూ, కాపర్ టీ వేయించుకున్న కొత్తలోనూ, అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకున్న తర్వాతా ఇలా జరగవచ్చు. అసలు ముట్టులో ఉన్నా దీపం పెట్టడం పాపం కాదన్నదే నా అభిప్రాయం. మీ ఇంటి నియమాన్ని పాటించాలో లేదో మీ ఇష్టం, కానీ ఈ మరకల వల్ల మీరు దేవుడి ముందు దోషిలా నిలబడవలసిన పని లేదు.

కలయిక తర్వాత వచ్చిన రక్తాన్ని మాత్రం నేను ఇంత తేలిగ్గా వదిలిపెట్టను. గర్భాశయ ముఖద్వారం లోపలి వైపు ఉండే సున్నితమైన కణాలు కొందరిలో బయటి వైపుకు వస్తాయి, రాపిడి తగిలితే అక్కడ నెత్తురు చెమ్మ కనిపిస్తుంది. మాత్రలు వాడేవారిలో ఇది తరచుగా ఉంటుంది, ప్రమాదం కాదు. తడి తక్కువగా ఉండటం, ఇన్ఫెక్షన్, పాలిప్ అనే చిన్న కండ కూడా కారణం కావచ్చు. అరుదుగా ముఖద్వార క్యాన్సర్ మొదటి గుర్తూ ఇదే కావచ్చు. మిమ్మల్ని భయపెట్టాలని చెప్పడం లేదు. ఆ క్యాన్సర్‌కు దారితీసే మార్పులు చాలా ఏళ్లపాటు నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి ముఖద్వారపు కణాలను తీసి చూసే పాప్ స్మియర్‌తోనో, ఆ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్షతోనో ముందే పట్టుకుని ఆపవచ్చు. 30 దాటిన స్త్రీలందరూ, మరకలు లేకపోయినా, చేయించుకోవలసిన పరీక్ష ఇది.

మీరుంటున్న చెన్నైలోనే ట్రిప్లికేన్‌లో ఉన్న కస్తూర్బా గాంధీ ఆసుపత్రి 1885లో పుట్టింది మగ డాక్టర్లకు చూపించుకోలేక గోషాలో బాధపడుతున్న స్త్రీల కోసమే. మీరూ మహిళా డాక్టరు కావాలని అడగవచ్చు, ఎగ్మోర్‌లో స్త్రీల ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఉంది. తమిళం సరిగ్గా రాదని వెనకాడకండి. బ్లీడింగ్ అన్న మాట అందరికీ అర్థమవుతుంది. తేదీలు, ఎన్నిసార్లు, కలయిక తర్వాతో కాదో, వాడుతున్న మాత్రలు, చివరి నెలసరి తేదీ ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి, చెప్పడానికి నోరు రాకపోయినా పని జరుగుతుంది. బాతు ముక్కులా ఉండే స్పెక్యులమ్ అనే పరికరంతో ముఖద్వారాన్ని చూస్తారు, అందుకు కొద్ది నిమిషాలు చాలు. నొప్పి అనిపిస్తే ఆపమని అడిగే హక్కు మీకుంది. పాప్ స్మియర్‌కు ముందు రెండు రోజులు కలయిక వద్దు, నెలసరి రోజుల్లో వెళ్లకండి.

డెట్టాల్ ఈ రోజే మానండి, అది లోపలి పొరను మండించి మరకలను పెంచవచ్చు. బయట మామూలు నీళ్లతో కడిగితే చాలు, యోని లోపలి భాగం తనంతట తానే శుభ్రపడుతుంది. నెలసరి తప్పి రక్తం కనిపించినా, పొత్తికడుపులో నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా, గంటకొక ప్యాడ్ చొప్పున తడిసిపోతున్నా మరునాటి కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీవారు ఈపాటికి మీ మౌనానికి ఏదో అర్థం వెతుక్కుంటూ ఉంటారు. పెద్ద ఉపోద్ఘాతం అక్కరలేదు. "కలిసిన తర్వాత రెండుసార్లు రక్తం కనిపించింది, డాక్టరుకు చూపించుకునే వరకు ఆగుదాం, మీరు నాతో రండి" అని బాబు నిద్రపోయాక చెప్పండి. ఆ బట్టలను కూడా ఇక తువ్వాలు కింద దాచకండి. మేడమీద ఎండ తగిలేచోట అందరి బట్టలతోపాటు ఆరవేయండి, తడి ఆరని గుడ్డ వేసుకుంటే దురద, ఇన్ఫెక్షన్ కొత్తగా వచ్చి చేరతాయి.