రోడ్డు మీద చల్లగ, ఆగితే వేడి: పికప్ ఏసీ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: అన్నా నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర. డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్ ఉంది, సీజన్ల మిల్లులకు వడ్లు తోలుతం, మిగతా టైంల బత్తాయి లోడు హైదరాబాద్ తీస్కపోతం. రోడ్డు మీద పోతుంటే ఏసీ ఫర్వాలేదు, మిల్లు గేటు కాడ లైన్ల ఆగితే మాత్రం గోరువెచ్చటి గాలి వస్తది. పోయిన ఎండకాలం గ్యాస్ కొట్టిచ్చిన, ఈసారి మళ్ల కొట్టిచ్చిన, చల్లదనం ఇంకా తగ్గింది గని పెరగలే. కంప్రెసర్ పోయింది, మార్చాలె అంటున్నరు. మార్చాల్నా?

జవాబు: తమ్మీ, కంప్రెసర్‌కు ఇప్పుడే పైసలు కట్టకు, అది గ్యాస్‌ను ఒత్తి తిప్పే పంపు. బండి కదిలితే చల్లగ, ఆగితే వేడి అన్నవ్ గదా, ముందు చూడాల్సింది కండెన్సర్, దాని ఫ్యాను. కండెన్సర్ అంటే రేడియేటర్ ముందట ఉండే జాలి, క్యాబిన్ల గుంజిన వేడినంతా గ్యాస్ అక్కడనే బయటికి ఇడుస్తది. బండి ఉరుకుతుంటే ఎదురుగాలి ఆ పని చేస్తది, ఆగినప్పుడు ఫ్యానే గతి. నువ్వు తిరిగేదేమో మిల్లుల కాడ, ఊక, వడ్ల దుమ్ము, పత్తి టైం అయితే దూది కూడ పోయి ఆ జాలిల కూసుంటది, ముందట నుంచి చూస్తే శుభ్రంగనే కనిపిస్తది గని అసలు చెత్త కండెన్సర్‌కు రేడియేటర్‌కు నడుమ సందుల ఉంటది, టార్చి కొట్టి చూడు.

ఇంటికాడనే ఒక పరీక్ష చెయ్యొచ్చు. బండి నిలబెట్టి ఏసీ ఫుల్ పెట్టు, వెంటు కాడ గాలి వేడెక్కినంక ముందట నుంచి కండెన్సర్ మీద సన్నగ నీళ్లు పొయ్యి, పైపు ఫోర్సుగ కొట్టొద్దు, చెయ్యి బట్ట ఫ్యానుకు దూరం ఉంచు. రెండు మూడు నిమిషాలల్ల గాలి చల్లబడ్డదంటే కండెన్సర్‌కు గాలి సాలుతలేదనే లెక్క, కంప్రెసర్‌ను అనుమానించేది తర్వాత.

కడిగేటప్పుడు ఇంజన్ దిక్కు నుంచి ముందటికి నీళ్లు కొట్టాలె, చెత్త వచ్చిన తొవ్వనే పోవాలె గదా. వాటర్ సర్వీసింగోళ్ల ప్రెషర్ గన్ను దగ్గర పెట్టి కొడితే ఆ పల్చటి రేకులు వంగి ఉన్న సందు గూడ మూసుకపోతది, అందుకే నిలబడి కడిగిచ్చుకో. గ్రిల్లుకు దోమల జాలి, ఫ్లెక్సీ అసొంటివి కట్టి ఉంటే తీసేయ్, ఈ ఎండల్ల బండికి ఊపిరాడనియ్యాలె.

ఇగ ఫ్యాను. కండెన్సర్ ముందట కరెంటు ఫ్యాను ఉంటే ఏసీ నడిచేటప్పుడు అది తిరుగుతుందా లేదా చూడు, తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఫ్యాను మోటరు వరసగ చూపియ్యాలె. చాన డీజిల్ పికప్పులల్ల బెల్టు మీద తిరిగే ఫ్యాను ఉంటది, దానికి విస్కస్ క్లచ్ ఉంటది, అంటే వేడెక్కినప్పుడు ఫ్యానును గట్టిగ పట్టి తిప్పే జోడు. బండి బాగ వేడెక్కినంక ఇంజన్ బందు చేసి, తాళంచెవి తీసి, రెక్కను చేతితోని తిప్పు. గట్టిగ ఆగాలె, ఉత్తగ గిర్రున తిరుగుతుందంటే ఆ క్లచ్ అయిపోయినట్టే. దాన్ని పట్టించుకోక కంప్రెసర్లు మార్చుకున్నోళ్లు ఉన్నరు, నాకు మస్తు బాధ అనిపిస్తది, ఎందుకంటే కంప్రెసర్ ముందు ఇది చాన చిన్న ఖర్చు.

గ్యాస్ సంగతి జర మనసు పెట్టి చదువు. ఏసీ గ్యాస్ డీజిల్ లెక్క ఖర్చయ్యేది కాదు, బందు పైపులల్ల తిరుగుతనే ఉంటది, ఏటేటా తక్కువ పడుతుందంటే ఎక్కడనో లీకు ఉన్నట్టు. పైపు జాయింట్ల కాడ నూనె జిడ్డుకు దుమ్ము పట్టి నల్లగ ఉంటే ముందు అక్కడ అనుమానం పెట్టు, కండెన్సర్‌కు రాళ్ల దెబ్బలు కూడ చూడు. నీకు కొట్టిచ్చినంక చల్లదనం తగ్గిందంటే గ్యాస్ ఎక్కువైందేమో, ఎక్కువైతే గూడ ప్రెషర్ పెరిగి ఏసీ మందగిస్తది, ఆగి ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ఇంజన్ బందు ఉన్నప్పుడు మీటర్ పెట్టి "ఫుల్ ఉంది" అంటే నమ్మకు. ఆర్134ఏ గ్యాస్ అయితే 40 డిగ్రీల వేడికి 130 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) దగ్గర చూపిస్తది, లోపల ద్రవం కొంచెం మిగిలి ఉన్నా అంతే, నిండ ఉన్నా అంతే. అందుకే తూకం లెక్క. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటది. పాత గ్యాస్ మిషన్‌తోని తీసి, లీకు బాగుచేసి, కనీసం అరగంట వ్యాక్యూం పెట్టి (పైపులల్ల గాలి, తేమ గుంజేసి), ఆ గ్రాముల ప్రకారమే ఎక్కియ్యమను. గాలిల ఇడిసిపెట్టనియ్యకు, అది భూమిని వేడి చేసుట్ల కార్బన్ డయాక్సైడ్ కంటె వెయ్యి రెట్లకు పైనే. చీప్‌ల వస్తుందని ఎల్పీజీ కలిపిన డబ్బాలు అస్సలొద్దు, అవి అంటుకుంటయి, లోపల మనుషులు కూసుంటరు.

ఇవన్నీ సరి చేసినంక గూడ ఆగితే వేడే వస్తే అప్పుడు ఏసీ నడుస్తుండంగ గేజులు రెండూ పెట్టించి చూడు, ఒకటి తక్కువ ప్రెషర్ ఉండే చిన్న దిక్కు, ఇంకొకటి ఎక్కువ ప్రెషర్ ఉండే పెద్ద దిక్కు. రెండు దిక్కులా ప్రెషర్ ఎక్కువుంటే ఇంకా గాలి సమస్యనో, గ్యాస్ ఎక్కువైందో. చిన్న దిక్కు ఎక్కువ, పెద్ద దిక్కు తక్కువ ఉంటే అప్పుడు కంప్రెసర్ మాట మాట్లాడు.

ప్రశ్న: మాది జడ్చర్ల సార్. మా పికప్‌ల మొదట మంచి చల్లగ వస్తది, కర్నూల్ దిక్కు హైవే ఎక్కి గంట పోతే వెంట్లల్ల గాలే తగ్గుతది. ఆపి కొంచెంసేపు ఆగితే మళ్ల మామూలు అయితది. ఎందుకు?

జవాబు: మీది వేరే కథ, లోపల కూలింగ్ కాయిల్ మీద ఐస్ గడుతుంది, ఐస్ అడ్డం పడి గాలి రాదు, ఆపితే కరిగిపోతది. ఈసారి అట్లయినప్పుడు ఏసీ బటన్ ఒక్కటే బందు చేసి బ్లోయర్ ఫుల్ పెట్టి పది నిమిషాలు నడపండి, గాలి మళ్ల వచ్చి కింద నుంచి నీళ్లు బాగ కారితే ఐసే అని తేలిపోయింది. కాయిల్ మరీ చల్లబడ్డప్పుడు కంప్రెసర్‌ను ఆపే సెన్సార్ ఒకటి ఉంటది, అది చూపియ్యండి. క్యాబిన్ ఫిల్టర్ దుమ్ము పట్టినా, గ్యాస్ కొంచెం తక్కువైనా గూడ ఐస్ గడ్తది. కొన్ని పికప్పులల్ల ఆ ఫిల్టరే ఉండదు, అప్పుడు దుమ్మంతా కాయిల్ మీదనే పడ్తది కాబట్టి కాయిల్ కడిగిచ్చాలె.