ట్యాంకు వెలిగితే ముందు పైపులు చూడు

చిరంజీవి శ్రీనుకి,

భీమిలి దగ్గర రొయ్యల హేచరీలో చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషంరా. మేత, సెలినిటీ (నీటి ఉప్పదనం) సంగతులు అక్కడివాళ్లే నేర్పుతారు. నేను ఒక్క విషయమే రాస్తాను.

రోజూ రాత్రి లైట్లన్నీ ఆర్పించి ట్యాంకుల మధ్య నడువు. నీళ్లలోనో రొయ్యపిల్లల ఒంట్లోనో నీలిపచ్చ వెలుగు కనిపిస్తే అది చాలావరకు విబ్రియో హార్వేయి లేదా దాని దగ్గరి చుట్టమైన బ్యాక్టీరియా. ఆ బ్యాక్టీరియా పలచగా ఉన్నప్పుడు దాదాపు వెలగదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డు నుంచి పెద్ద వల లాగడం చూశావుగా, తాడు పట్టడానికి సరిపడా మనుషులు చేరేదాకా ఎవరూ లాగరు. ఇవీ అంతే. ఒక్కోటీ సంకేతంగా ఒక రసాయనాన్ని నీళ్లలోకి వదులుతూ ఉంటుంది. గుంపు పెరిగితే అది చిక్కబడుతుంది, అప్పుడు అన్నీ ఒకేసారి వెలగడం మొదలుపెడతాయి. సముద్రపు బ్యాక్టీరియాలో ఈ తీరును నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ అనే శాస్త్రవేత్తలు 1970లో రాశారు. 1994లో దీనికి కోరమ్ సెన్సింగ్ అని పేరు పెట్టారు. పంచాయతీ మీటింగులో చూసే కోరమే అనుకో. అంటే వెలుగు నీ కంటపడేసరికే వాటి కోరం నిండిపోయింది.

నేను హేచరీలో ఉన్నప్పుడు ఒకసారి మేం వెలుగు చూడగానే కంగారుపడి యాంటీబయాటిక్ పోసేశాం. మూడు రోజులు చీకటి. అయిదో రోజు మళ్లీ అదే వెలుగు. చివరికి ట్యాంకంతా ఖాళీ చేసేశాం, లక్షల పిల్లలు పోయాయి. తర్వాత గాలి పైపు కోసి చూస్తే లోపలంతా చీమిడిలా జిగట. నీళ్లలో తేలేవాటిని మందు చంపింది, అవి కట్టుకున్న జిగురులో దాక్కున్నవాటిని తాకలేకపోయింది. ఆ పైపు ముందే కోసి చూడలేదని ఇప్పటికీ బాధ.

ఆ జిగురు పొరకీ ఆ సంకేతాలకీ సంబంధం ఉంది, కానీ అన్నింట్లో ఒకేలా ఉండదు. మనుషుల ఊపిరితిత్తుల్లో చేరే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలో సంకేతం తయారుచేయలేని రకం పలచని పొరే కట్టిందనీ, డిటర్జెంట్‌కే ఊడిపోయిందనీ 1998లో చూపించారు. కలరా బ్యాక్టీరియాది దీనికి తిరగేసిన తీరు, కోరం నిండాక జిగురు తగ్గించి పొర వదిలి బయటపడుతుంది. అందుకే ఒకదాని గురించి చదివింది ఇంకోదానికి అంటగట్టకు.

నీ పని వాటిని గుంపు కట్టనివ్వకపోవడం. బ్యాచ్ అయ్యాక ఎయిర్ స్టోన్లు (గాలి బుడగలు వదిలే రాళ్లు), పైపులు విప్పి, ముందు బ్రష్‌తో గట్టిగా తోమించు, క్లోరిన్ ఆ తర్వాతే. జిగురు మీద పోస్తే క్లోరిన్ పైపైనే ఖర్చయిపోతుంది. తర్వాత బాగా ఎండబెట్టు. పిల్లలకి మేతగా వేసే ఆర్టీమియా అనే బుల్లి జీవుల్ని కడగకుండా వేయనివ్వకు, అడుగున మిగిలిన మేతని సైఫన్ చేయించు, అంటే గొట్టంతో లాగించు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్ మందులు ఎవరిచ్చినా ముట్టుకోకు, రొయ్యల్లో అవి నిషేధం. ఓనరు తొందరపెడితే టెన్షన్ పడకు. పైపులు ఎండలేదని మొహమాటం లేకుండా చెప్పు.

పండక్కి వచ్చేటప్పుడు అక్కడి పాత గాలి పైపు ముక్క ఒకటి పట్టుకురా. మన పెరట్లో కూర్చుని నిలువునా కోసి చూద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య