క్యాబిన్ బ్యాగులోనే నాలుగు రోజుల బట్టలు

ప్రశ్న: ఉద్యోగరీత్యా తరచూ హైదరాబాద్ నుంచి ఢిల్లీ, బెంగళూరు వెళ్తుంటాను. నాలుగు రోజుల బట్టలు సర్దితే బ్యాగు 7 కిలోలు దాటిపోతోంది. మీటింగుకు ఒక చీర తప్పదు. ఎలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఖాళీ బ్యాగును తూచండి. చక్రాల ట్రాలీయే రెండున్నర, మూడు కిలోలుంటే, ల్యాప్‌టాప్, ఛార్జర్ పోను బట్టలకు మిగిలేది రెండు, రెండున్నర కిలోలే. గాలి తీసేసే కవర్లు కొనకండి. అవి చోటు మిగులుస్తాయే తప్ప బరువు తగ్గించవు, పైగా కాటన్ బట్టల మీద గట్టి ముడతలు పడతాయి.

నలుపు, నేవీ బ్లూ ప్యాంట్లు రెండు, రెండింటికీ నప్పే కుర్తీలు మూడు, ఒక పోచంపల్లి దుపట్టా చాలు. ఆరు జతలవుతాయి. ఒక ప్యాంటు, కుర్తీ ఎలాగూ ఒంటి మీదే ఉంటాయి. జీన్స్ వద్దు. బరువు, ఉతికితే రాత్రికి రాత్రి ఆరదు.

చీర విషయంలోనే జాగ్రత్త కావాలి. గంజి పెట్టిన కాటన్ మడతల దగ్గర విరిగినట్టవుతుంది. జార్జెట్ గానీ క్రేప్ గానీ తీసుకోండి. పొడవుగా మడిచి, లోపల పెట్టీకోటు ఉంచి వదులుగా చుట్టండి. గట్టి మడత పడదు. ఫాల్ కుట్టించిందే పెట్టుకోండి.

ఉతికిన కుర్తీని పొడి తువ్వాలులో చుట్టి గట్టిగా నొక్కితే సగం నీరు తువ్వాలే పీల్చేస్తుంది, ఫ్యాన్ కింద తెల్లారేసరికి ఆరిపోతుంది. డిసెంబరు, జనవరిలో ఢిల్లీ వెళ్తే లావు స్వెటర్ బదులు కుర్తీ లోపల పల్చటి థర్మల్ వేసుకోండి. చలికోటు, బూట్లు విమానంలో వేసుకునే వెళ్లండి.