డ్రైవర్ కోడ్‌ను శుభ్రం చేసేటప్పుడు ఏ వరుసను ముట్టుకోకూడదు?

ప్రశ్న: మాది ఆమదాలవలస. శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ కెర్నెల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగం) స్టేజింగ్ విభాగంలోని ఒక పీసీఐ కార్డు (కంప్యూటర్ లోపల అమర్చే కార్డు) డ్రైవర్‌ను, అంటే దాన్ని నడిపే ప్రోగ్రామును, శుభ్రం చేసి ఆ మార్పులను ప్యాచ్‌గా పంపాను. కోడ్ రాసిన తీరును తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు హెచ్చరికలను బట్టి ఖాళీలు, పొడవాటి వరుసలు సరిచేసి, కాసేపు ఆగమని చెప్పే యూడిలే ఫంక్షన్ స్థానంలో యూస్లీప్ రేంజ్ పెట్టాను. చదివిన విలువను ఎక్కడా వాడని ఒక రిజిస్టర్ రీడ్‌ను (కార్డులోని చిన్న నిల్వ గడిని చదివే వరుసను) కూడా తీసేశాను. సమీక్షకులు దాన్ని తిప్పి పంపారు. ఆ కార్డు నా దగ్గర లేదు. నా పొరపాటు ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు ఎంచుకున్న పని మంచిదే. కెర్నెల్ ప్రమాణాలను ఇంకా అందుకోని డ్రైవర్లను నలుగురూ చూసి బాగుచేయడానికే 2008లో స్టేజింగ్ ఏర్పడింది. అయితే కోడ్ రూపాన్ని మాత్రమే మార్చే సవరణలనూ, పరికరం పనితీరును మార్చగల సవరణలనూ మీరు ఒకే ప్యాచ్‌లో కలిపేశారు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ రిజిస్టర్ రీడ్‌ను తీసేయడం. మామూలు ప్రోగ్రాములో వాడని విలువ వృథాయే కానీ, డ్రైవర్‌లో చదవడమే ఒక పని కావచ్చు. కొన్ని పరికరాల్లో స్థితి రిజిస్టర్‌ను చదివితేనే అందులోని ఇంటరప్ట్ (తనను పట్టించుకోమని పరికరం ప్రాసెసర్‌కు పంపే పిలుపు) సూచన చెరిగిపోతుంది. అదీగాక, పీసీఐలో ప్రాసెసర్ రాసిన విలువ కార్డుకు వెంటనే చేరకుండా దారిలోని బ్రిడ్జిలో కాసేపు ఆగవచ్చు. ఆ తర్వాత అదే కార్డు నుంచి ఒక రిజిస్టర్‌ను చదివితే, ముందు రాసినది కార్డును చేరిన తరువాతే జవాబు వస్తుంది. అందుకే ఎందుకూ పనికిరానట్టు కనిపించే అలాంటి వరుసను తీసేయకుండా, దాని కారణాన్ని గిట్ చరిత్రలోనో (కోడ్‌లో జరిగిన మార్పుల చిట్టా) డేటాషీట్‌లోనో (చిప్ తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) వెతికి, దొరికితే పైన ఒక వ్యాఖ్యగా రాయండి. దొరకకపోతే అలాగే వదిలేయండి.

యూడిలే సంగతీ ఇలాంటిదే. అది ప్రాసెసర్‌ను అక్కడే తిప్పుతూ వేచి ఉంచుతుంది, యూస్లీప్ రేంజ్ నిద్రపుచ్చుతుంది. స్పిన్‌లాక్ (ఇతరులను తిరుగుతూ వేచి ఉండేలా చేసే తాళం) పట్టుకున్నప్పుడు గానీ, ఇంటరప్ట్ వచ్చినప్పుడు నడిచే ఫంక్షన్ అయిన ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో గానీ నిద్రపోకూడదు. చెక్‌ప్యాచ్ అక్షరాలను చూస్తుందే తప్ప, ఆ ఫంక్షన్‌ను ఎవరు, ఏ స్థితిలో పిలుస్తున్నారో దానికి తెలియదు. ఆ పరిశీలన మీరే చేయాలి.

ఖాళీల సవరణను విడి ప్యాచ్‌గా పంపితే సమీక్ష ఎంతో తేలిక. కెర్నెల్‌తో వచ్చే ఆబ్జ్‌డిఫ్ స్క్రిప్టుతో మార్పుకు ముందూ తర్వాతా ఆబ్జెక్ట్ కోడ్‌ను (కంపైల్ చేశాక వచ్చే యంత్ర కోడ్) పోల్చి, పనితీరు మారలేదని చూసుకోవచ్చు. వరుస పొడవు విషయంలో 80 అక్షరాల పాత హద్దు కోసం వాక్యాన్ని ముక్కలు చేయకండి. చెక్‌ప్యాచ్ హద్దు 2020లోనే 100కు పెరిగింది. కోడ్‌లోని ఉత్త అంకెలకు పేర్లు పెట్టాలనుకుంటే డేటాషీట్ ఉన్నప్పుడే పెట్టండి, ఎందుకంటే ఊహించి పెట్టిన పేరు ఉత్త అంకె కన్నా ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది.

సాధన కోసం చేతిలో ఉన్న పరికరం డ్రైవర్‌ను చదవండి. చాలా చవక ఆర్డుయినో బోర్డుల్లో యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌తో కలిపే సీహెచ్340 చిప్‌కు కెర్నెల్‌లో సీహెచ్341 అనే డ్రైవర్ ఉంది. ఒక్కో వరుసను మార్చి ఫలితాన్ని కళ్లారా చూడవచ్చు. ప్రస్తుతానికి ఖాళీల సవరణను మాత్రమే మళ్లీ పంపి, కార్డు లేనందున కంపైల్ చేసి మాత్రమే చూశానని ప్యాచ్ వివరణలో స్పష్టంగా రాయండి.