అందరూ బతికే ఉన్నారు, మరి అడ్వెంచర్‌కి ఎందుకెళ్తాడు?

ప్రశ్న: ఫ్రెండ్స్‌తో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదలుపెడుతున్నానండి, అదే, తలా ఒక పాత్రని తయారుచేసుకుని కథలా ఆడే ఆట. వాళ్లు రాసుకున్న పాత్రల్లో ఒకడి ఊరిని డ్రాగన్ తగలబెట్టేసింది, ఇంకొకామె కుటుంబాన్ని ఎవరో చంపేశారు, మూడోవాడు పుట్టుకతోనే అనాథ. నా పాత్ర విజార్డ్, అంటే మంత్రగాడు, వాడికేమో అమ్మానాన్నా ఉన్నారు, అక్క ఉంది, అందరూ సుఖంగా ఉన్నారు. ఇలాంటోడు ఇల్లొదిలి గుహల్లోకి ఎందుకొస్తాడని అడుగుతున్నారు. ఎవర్నైనా చంపేయాలా?

జవాబు: వద్దండీ, పాపం వాళ్లేం చేశారు! ఊరు తగలబడినవాణ్ణి ఒకసారి అడగండి, ఆ డ్రాగన్ చచ్చాక నువ్వేం చేస్తావురా అని, నీళ్లు నములుతాడు.

మీ కారణం రూల్‌బుక్కులోనే ఉంది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో లెవెల్ పెరిగినప్పుడల్లా విజార్డ్‌కి ఊరికే వచ్చేవి రెండే స్పెల్స్ (మంత్రాలు), మిగతావి ఎక్కడో దొరికిన స్క్రోల్ (మంత్రం రాసిన చుట్ట) నుంచో వేరేవాళ్ల స్పెల్‌బుక్ నుంచో తన పుస్తకంలోకి ఎక్కించుకోవాలి, దానికి స్పెల్ ఎన్నో లెవెల్‌దైతే అన్ని యాభైలు గోల్డ్ (ఆటలో బంగారు నాణేలు), లెవెల్‌కి 2 గంటలు, అంటే మూడో లెవెల్ ఫైర్‌బాల్‌కి 150 గోల్డ్, 6 గంటలు. ఇంట్లో కూర్చుంటే ఆ స్క్రోలూ రాదు, ఆ డబ్బూ రాదు, పాడుబడ్డ టవర్లలోకి ఒక్కడే వెళ్తే తిరిగి రాడు, అందుకే పార్టీ, అంటే తోడొచ్చే జట్టు, కావాలి. కత్తి పట్టే ఫైటర్‌కైనా అంతే, ప్లేట్ ఆర్మర్ (ఒళ్లంతా కప్పే కవచం) 1500 గోల్డ్ మరి. అసలు 1974లో ఈ ఆట వచ్చిన కొత్తలో తెచ్చిన నిధికి కూడా లెవెల్ పెంచే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు ఇచ్చేవాళ్లు, నీ బాధేంటని ఎవరూ అడగలేదు.

కాకపోతే "ప్రపంచం చూడాలని ఉంది" అని మాత్రం రాయకండి, దాంతో డీఎం (కథ నడిపే డంజన్ మాస్టర్) ఏం చేసుకుంటాడు? ఫలానా స్పెల్ కావాలి అని పేరు పెట్టి రాయండి. నన్నడిగితే అక్కని కూడా విజార్డ్‌ని చేసేయండి, ఆవిడకి వచ్చిన ఒక స్పెల్ ఉంది, ఎంత బతిమాలినా పుస్తకం తెరిచి చూపించదు, పైగా ఉత్తరం రాసినప్పుడల్లా "ఇంకా దొరకలేదా" అని ఎత్తిపొడుస్తుంది. దీనికి మించిన మోటివేషన్ నాకైతే తట్టట్లేదు, తమ్ముళ్లకి అర్థమవుతుంది.

ఇంకోటి, చాలామంది అనాథల్ని తయారుచేసేది ఏడుపు కోసం కాదు, ఇంట్లోవాళ్లుంటే డీఎం వాళ్లని ఎత్తుకుపోతాడని భయం. అందుకే మొదటి సెషన్‌కి ముందే చెప్పేయండి, అక్కని కిడ్నాప్ చేస్తే చేసుకో, చంపితే మాత్రం ఊరుకోను అని.