మగ హార్మోను తగ్గినా షుగరే, పెరిగినా షుగరేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 44 ఏళ్లు, రెండేళ్లుగా షుగర్. నీరసం, దాంపత్యం మీద ఆసక్తి లేకపోవడంతో టెస్ట్ చేయిస్తే టెస్టోస్టెరాన్ తక్కువన్నారు. ఇంజెక్షన్ వేయించుకుంటే షుగర్ కూడా దిగుతుందని జిమ్‌లో కుర్రాడు చెబుతున్నాడు. పీసీఓడీ ఉన్న మా చెల్లికేమో మగ హార్మోన్లు ఎక్కువ, షుగర్ రావచ్చు జాగ్రత్త అన్నారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మగవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గినా, ఆడవాళ్లలో మగ హార్మోన్లు పెరిగినా షుగర్ ముప్పే, ఆ రెండూ నిజమే. మగవాళ్లలో ఈ హార్మోను కండను నిలబెడుతుంది, పొట్టలో కొవ్వు పేరుకోకుండా చూస్తుంది. భోజనం తర్వాత ఇన్సులిన్ గ్లూకోజును ఎక్కువగా పంపేది కండలోకే కాబట్టి కండ తగ్గితే చక్కెర రక్తంలోనే ఉండిపోతుంది. ప్రొస్టేట్ కేన్సర్‌కి ఈ హార్మోనును అణిచే మందులు వాడేవాళ్లలో షుగర్ ముప్పు పెరిగేది అందుకే.

అయితే మీ విషయంలో చెట్టు ముందా విత్తు ముందా అన్నది చూడాలి. పొట్ట కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టెరాన్‌ని ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. పైగా ఇన్సులిన్ సరిగా పనిచేయనివాళ్లలో, ఈ హార్మోనును రక్తంలో మోసుకెళ్లే ప్రొటీన్‌ను లివర్ తక్కువగా తయారుచేస్తుంది, దాంతో అసలు పని చేసే ‘ఫ్రీ’ టెస్టోస్టెరాన్ బాగానే ఉన్నా రిపోర్టులో మొత్తం అంకె తక్కువగా కనబడి మనిషికి టెన్షన్ పెడుతుంది. అందుకే పొద్దున్నే పరగడుపున, వేర్వేరు రోజుల్లో రెండుసార్లు చేయించండి, ఫ్రీ టెస్టోస్టెరాన్ కూడా చూడమనండి. గురక ఎక్కువైతే అదీ డాక్టరుకి చెప్పండి, నిద్ర సరిగా లేకపోయినా ఈ హార్మోను తగ్గొచ్చు.

మీ చెల్లిది వేరే దారి. ఒంట్లో ఎక్కువైన ఇన్సులినే అండాశయాల చేత మగ హార్మోన్లు ఎక్కువగా తయారు చేయిస్తుంది, ఆడవాళ్లలో అవి పెరిగితే ఇన్సులిన్ ఇంకా మొండికేస్తుంది. తను ఇప్పుడే ఒకసారి షుగర్ టెస్ట్ చేయించుకోవడం మంచిది.

ఇక ఇంజెక్షన్. 2021లో వెలువడిన ఆస్ట్రేలియా ట్రయల్‌లో, బరువు తగ్గే కార్యక్రమంతో పాటు రెండేళ్లు ఇది తీసుకున్నవాళ్లలో 12 శాతం మందికి, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో 21 శాతం మందికి షుగర్ కనిపించింది. వినడానికి బాగుంది, కానీ ఇంజెక్షన్ తీసుకున్న ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా రక్తం చిక్కబడింది, 2024లో వచ్చిన అమెరికా ట్రయల్‌లోనైతే షుగర్‌ను ఆపే లాభమే కనిపించలేదు. రెండు టెస్టుల్లోనూ తక్కువ వచ్చి లక్షణాలూ ఉంటే అప్పుడు ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) ఇస్తారు, అదీ మీ నీరసానికీ, ఆసక్తి తగ్గడానికీ మాత్రమే, షుగర్ మందుకు బదులుగా కాదు. ఇంకా పిల్లలు కావాలనుకుంటే మాత్రం దాని జోలికే పోకండి, వీర్యకణాలు బాగా పడిపోతాయి. ఈ మాట ఆ జిమ్ కుర్రాడు మీకు చెప్పి ఉండడు.