నాణేల ప్రశ్నలు – జవాబులు: ఆ రూపాయిని తోమకండి

ప్రశ్న: మా అమ్మమ్మ పూజ పెట్టెలో 1911 నాటి జార్జి రాజు వెండి రూపాయి దొరికింది. నల్లబడింది, పసుపు కుంకుమ పట్టి ఉంది. చింతపండుతోనో విభూతితోనో తోమి అమ్మితే మంచి ధర వస్తుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: దయచేసి తోమకండమ్మా. ఆ నలుపు గాలిలోని గంధకం తగిలి వెండి మీద కట్టిన పలచటి పొర, దానివల్ల ధరేమీ పడిపోదు. ధర పడిపోయేది తోమితేనే. టంకశాలలో అచ్చు పడినప్పుడు లోహం మీద కంటికి ఆనని సన్నటి గీతలు ఏర్పడతాయి, కొత్తదనం పోని నాణేన్ని దీపం కింద అటూ ఇటూ వంచితే వెలుగు గుండ్రంగా తిరిగేది వాటివల్లే. ఒక్కసారి విభూతి పెట్టి రుద్దారంటే అవి అరిగిపోతాయి. తర్వాత నాణెం స్టీలు గ్లాసులా మెరుస్తుంది గానీ ఆ వెలుగు తిరగదు. కొనేవాళ్లు లెన్స్ పెట్టగానే రుద్దిన గీతలు పట్టేస్తారు, ధర సగానికి కోస్తారు.

పసుపు కుంకుమ పోవాలంటే డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టి, మెత్తటి నూలు గుడ్డ మీద పెట్టి అద్దండి, తుడవొద్దు. నూనె జిడ్డుంటే అసలైన ఎసిటోన్ వాడాలి, పొయ్యికి దూరంగా. నెయిల్ పాలిష్ రిమూవర్ పనికిరాదు, అందులో రంగూ సెంటూ కలుపుతారు.

ఇక 1911 సంగతి. రాజు మెడలోని హారంలో చిన్న ఏనుగు ఉంటుంది చూడండి. ఆ ఏడాది తొండం పొట్టిగా పడటంతో అది పందిలా ఉందని గొడవ అయింది. 1912 నుంచి తొండం స్పష్టంగా చెక్కారు, బయటికి వెళ్లకుండా మిగిలిన నాణేలను కరిగించేశారు. అందుకే ఈ ఒక్క ఏడాదికి అంత గిరాకీ, నకిలీల బెడద కూడా అందుకే.

అసలుది 11.66 గ్రాములు. అరిగితే కాస్త తగ్గుతుంది, పెరగడం మాత్రం ఉండదు. గ్రాములో వందో వంతు చూపే కాటా దొరికితే ఇంకో పరీక్ష చేయొచ్చు. దాని మీద కప్పు నీళ్లు పెట్టి అంకెను సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నటి దారంతో కట్టి అడుగుకీ గోడకీ తగలకుండా నీళ్లలో వేలాడదీయండి. 91.7 శాతం వెండి ఉన్న రూపాయి అయితే కాటా సుమారు 1.13 చూపాలి. ఇత్తడికి వెండి పూత పూసినదైతే 1.36 దగ్గరికి పోతుంది. అంకె సరిపోయినంత మాత్రాన నిశ్చింత పడకండి, అసలు వెండితోనే నకిలీలు చేసేవాళ్లున్నారు. అక్షరాల అంచులు మొద్దుబారి, ఖాళీ చోట సూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు ఉంటే అది పోత పోసినదని అనుమానించాలి.

ప్రశ్న: మా తాతగారి చార్మినార్ రూపాయి 11.1 గ్రాములే తూగింది. నకిలీయా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కాదండీ, మీరు దాన్ని కల్దార్ రూపాయితో, అంటే బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రూపాయితో పోల్చుతున్నారు. హాలీ సిక్కా, అంటే నిజాం సొంతంగా వేయించిన రూపాయి, సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతమే. చార్మినార్ కమాను లోపల చూడండి, ఉర్దూ అక్షరం మీమ్ (م) ఉంటే మహబూబ్ అలీ ఖాన్‌ది, ఐన్ (ع) ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. మినార్ల కొసలు చదును కాకుండా నిలిచి ఉంటే నాణెం పెద్దగా అరగనట్టే.

ప్రశ్న: 1919 రూపాయి ఒకటి నీలం, ఊదా, బంగారు రంగుల్లో ఉంది. అమ్మేవాడు మామూలు ధరకు నాలుగింతలు అడుగుతున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: తొందరపడకండి. సహజమైన రంగు ఏళ్ల తరబడి కాగితంలోనో పెట్టెలోనో ఉండి, ఎక్కువగా అంచు నుంచి లోపలికి పాకుతుంది. పలచగా ఉన్నచోట పసుపు, ఆపైన ఎరుపు, ఊదా, నీలం, ఇలా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతూ ఉంటాయి. గంధకం పూసి, వేడి చేసి తెచ్చిన రంగు మరకలు మరకలుగా ఉంటుంది, అక్షరాల మూలల్లో సిరాలా గడ్డకడుతుంది. నేనైతే ముందు రంగు కింద గీతలు ఉన్నాయేమో వెతుకుతాను. ఒకప్పుడు తోమేసిన నాణేనికి ఆ సంగతి కనపడకుండా రంగు వేయడం ఈ వ్యాపారంలో బాగా జరిగే పనే. ఫొటో చూసి మాత్రం అసలు కొనొద్దు, చేతిలోకి తీసుకుని వంచి చూడండి. రంగు కిందినుంచి కూడా ఆ వెలుగు తిరుగుతుంటే అప్పుడు బేరమాడండి.

ప్రశ్న: సీతారాముల బొమ్మ, ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 ఉన్న రాగి నాణానికి కోటి రూపాయలిస్తామని, ముందు పదిహేను వేలు కమీషన్ కట్టమని ఫోన్ వచ్చింది.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కట్టకండి. కంపెనీ అలాంటి నాణెం వేయలేదు, అవి తర్వాతి కాలంలో ఎవరో తయారుచేసిన బిళ్లలు. బియ్యం గింజల్ని లాగుతుందని రైస్ పుల్లర్ పేరుతో మోసం చేసే ముఠాలు చూపించేవీ ఇలాంటివే. పాత నాణేలకు కమీషన్ కట్టమంటూ తన పేరు వాడుకునేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021లోనే చెప్పింది. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.